మధ్యాహ్నం పూట పెరిగే బూడిద

నేను పనిచేసిన వాషరీలో బొగ్గు పొద్దున మంచిగా ఉండేది. మధ్యాహ్నానికి చెడిపోయేది. పొద్దుగూకేసరికి మళ్లీ బాగుపడేది. బొగ్గేమీ పాలు కాదు, ఎండకు విరగడానికి. అయినా కంట్రోల్ రూములో అంకె అలాగే చెప్పేది, ఆ అంకె చూపించే మిషన్ బాధ్యత నాది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లోని మాట. కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ప్రైవేటు వాషరీ ఉండేది. గనుల నుంచి లారీల్లో వచ్చిన బొగ్గును నీళ్లలో కడిగి, రాయి వేరుచేసి, ఫ్యాక్టరీలకు పంపడం దాని పని. నేను ఖమ్మంలో డిప్లొమా చేసి అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరాను. ఆఫీసు గదుల బయట పనిచేసే ఆడవాళ్లు ఆ ప్లాంటులో రెండు రకాలు. బొగ్గు ఊడ్చేవాళ్లు, నేను.

ఆ మిషన్‌ను కాగితాల మీద యాష్ గేజ్ అనేవారు. ప్లాంటులో మాత్రం అందరికీ అది ఎక్స్‌రే. కదిలే బెల్టు కింద సీసం డబ్బాలో కొంచెం రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. బెల్టు పైన, డబ్బాకు సూటిగా, ఒక డిటెక్టర్ ఉంటుంది. కిరణాలు బొగ్గు గుండా పైకి వస్తాయి. బొగ్గులో రాయి ఎక్కువుంటే దారిలోనే ఎక్కువ ఆగిపోతాయి, డిటెక్టరుకు తక్కువ అందుతాయి. అందినదాన్ని బట్టి, ఈ బొగ్గు కాలిస్తే నూటికి ఎంత బూడిద మిగులుతుందో మిషన్ లెక్కగట్టి చెబుతుంది. బూడిద ఎక్కువని చెబితే ఆ బొగ్గును మళ్లీ కడగడానికి వెనక్కి పంపుతారు. కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నాలు మా ప్లాంటు కడిగిన బొగ్గునే కడిగేది.

మా అమ్మ తల్లాడలో ఉండేది. నేను ఏ మిషన్ దగ్గర పనిచేస్తున్నానో ఆమెకు చెప్పలేదు. ఎవరో చెప్పారు. అప్పటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగే మాట ఒకటే: "జుట్టు ఊడుతుందా?" ఊడేది కాదు. బొగ్గు దుమ్ముతో బరువెక్కి మామూలు కన్నా గట్టిగా ఉండేది.

మిషన్‌కు ప్లాంటులో ఒక శత్రువు ఉండేవారు. ఆయన మా కెమిస్టు. కొత్తగూడెం బజారులో మూడు తరాలుగా స్థిరపడిన కుటుంబం, వాళ్ల నాన్నగారికి గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేదట. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. బొగ్గు ప్లాంటులో తెల్ల చొక్కా వేసుకుని తిరిగే ధైర్యం ఆయనొక్కరికే ఉండేది. ల్యాబులో ఆయనకు ఒక కొలిమి ఉంది. బెల్టు మీది బొగ్గు నమూనా తెప్పించి, నూరి, తూచి, కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను మళ్లీ తూచి అంకె చెప్పేవారు. అది తెలిసేసరికి ఆ బొగ్గు లారీ ఎక్కి వెళ్లిపోయేది. అందుకే మేనేజరు మిషన్ కొన్నారు. మిషన్ కొన్న రోజు నుంచి కెమిస్టు గారు దాని వంక చూడలేదు.

ఒకరోజు మీటింగులో మేనేజరు అడిగారు, ల్యాబు అంకెకూ గేజ్ అంకెకూ ఇంత తేడా ఎందుకని. నేను నోరు తెరిచేలోపే కెమిస్టు గారు అన్నారు:

"కాల్చకుంట బూడిద చెప్పుడంటే జ్యోతిష్యం సార్. కావాలంటే చెయ్యి గూడ చూపించుకుందాం, పెట్టుండ్రి."

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. మధ్యాహ్నం అంకె తప్పని నాకూ తెలుసు. ఎందుకు తప్పో తెలియదు.

మిషన్ అమ్మిన కంపెనీ వాళ్లు ఒక ఇంజనీరును పంపారు. ఆయన రైలు టికెట్టు మీద భద్రాచలం రోడ్ అని ఉంది కాబట్టి భద్రాచలం వచ్చేశాననుకుని, స్టేషను బయట ఆటో ఎక్కి గోదావరి ఒడ్డుకు తీసుకుపొమ్మన్నాడట. అది కొత్తగూడెం అనీ, గోదావరి ఇంకా చాలా దూరమనీ ఆటో అతను చెప్పినా నమ్మలేదట. ప్లాంటుకు చేరేసరికి సగం పూట గడిచింది. డిటెక్టరును చూశాడు. పుస్తకం తీసి చదివాడు. చుట్టూ వాతావరణం చల్లగా, పొడిగా, దుమ్ము లేకుండా, అదురు లేకుండా ఉంటే మిషన్ సరిగ్గా పనిచేస్తుందని చెప్పాడు.

"అట్లుంటే మేమే సరిగ్గ పనిచేస్తం," అన్నారు మేనేజరు.

ఇంజనీరు భోజనం చేసి వెళ్లిపోయాడు.

నేను నాకు తోచిన పని ఒకటి చేశాను. బడిపిల్లలు రాసుకునే పలకంత అల్యూమినియం రేకు ఒకటి కోయించాను. పొద్దున బెల్టు ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని గేజ్ దారిలో పెట్టి అంకె చూశాను. మధ్యాహ్నం భోజనాల వేళ బెల్టు మళ్లీ ఖాళీ అయితే అదే రేకు, అదే చోట పెట్టి చూశాను. రేకులో కూడా బూడిద పెరిగింది. రేకు పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారదు కదా, మారింది డిటెక్టరే. నిచ్చెన ఎక్కి దాని ఉక్కు గొట్టం మీద చెయ్యి పెట్టాను. వెంటనే తీశాను. పైన సిమెంటు రేకుల కప్పు, కింద నల్లటి బొగ్గు, మధ్యలో ఆ గొట్టం రొట్టెలా కాలుతోంది. లోపల ఒక స్ఫటికం ఉంటుంది. కిరణం తగిలినప్పుడల్లా అది చిన్నగా మెరుస్తుంది, ఆ మెరుపుల్నే డిటెక్టరు లెక్కపెడుతుంది. వేడెక్కితే మెరుపు మందగిస్తుంది. మెరుపులు తక్కువ లెక్కకొస్తే, బొగ్గులో రాయి ఎక్కువుంది కాబోలని మిషన్ అనుకుంటుంది.

కారణం తెలిసినందుకు చాలా సంతోషమేసింది. ఆ సంతోషంలో ఎవరికైనా చెప్పాలనిపించి, దారిలో కెమిస్టు గారు ఎదురైతే ఆయనకే చెప్పేశాను.

"ఎండ తగుల్తుందా పాపం దానికి," అన్నారాయన. "ఒక కుర్తా కుట్టియ్యరాదూ? మా బామ్మర్ది బజార్ల జీపు సీట్లకు కవర్లు కుడ్తడు. పో, నా పేరు చెప్పు."

ఎగతాళికే అన్నారు. నాకు అది సలహాలాగే వినిపించింది. మర్నాడు సెలవు పెట్టి బజారుకు వెళ్లాను.

కొట్టు నిండా లారీ టార్పాలిన్లు, రెక్సిన్ చుట్టలు. కుట్టేవాడు మంచి మాటకారి. నన్ను కూర్చోబెట్టి టేపు తీశాడు.

"ఏం బండమ్మా?"

"బండి కాదు. మిషన్."

"నిలవడి ఉంటదా, పండుకోని ఉంటదా?"

"నిలబడే ఉంటది."

"చేతులు?"

"లేవు. నెత్తి మీదికెళ్లి రెండు వైర్లొస్తయ్."

"అట్లనా. మెడ పెడ్త మరి. కాలరు కావాల్నా?"

కాలరు వద్దన్నాను. ఆడదా మగదా అని కూడా అడుగుతాడేమో అనుకున్నాను, అడగలేదు. రెండు పొరల కాన్వాసు మధ్య దట్టంగా దూది కూరి, పైన వెండి రంగు రెక్సిన్ వేసి కుట్టాడు. చూడడానికి చాలా అందంగా వచ్చింది. డిటెక్టరుకు తొడిగితే కింద నిలబడి అందరూ చూశారు. ఫిట్టరు ఒకడు దానికి పెళ్లి ఎప్పుడని అడిగాడు.

ఆ మధ్యాహ్నం అంకె కదల్లేదు. ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్లిన నడక నాకు ఇప్పటికీ గుర్తుంది. పొద్దున వచ్చి చూస్తే అంకె తప్పుంది. దూది కోటు పగటి వేడిని నెమ్మదిగా లోపలికి తీసుకుని, తెల్లారేదాకా వదలకుండా పట్టుకుంది. మధ్యాహ్నం జరిగే తప్పును నేను పొద్దుటికి మార్చాను. ప్లాంటు ఇప్పుడు పొద్దుటి బొగ్గును రెండుసార్లు కడిగింది.

కెమిస్టు గారు ఆ రోజు కనిపించారు. "చలికాలం పనికొస్తది తియ్యి," అన్నారు అంతే.

రెండో కోటు కోసం మళ్లీ బజారుకు వెళ్లాను. ఈసారి దూది వద్దన్నాను. లోపలి పొరకూ గొట్టానికీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, కింద ఒక మూతి, పైన మెడ దగ్గర గాలి బయటికి పోయే దారి. కింది మూతికి కంప్రెసరు నుంచి పొడిగాలి గొట్టం కలిపాను. గాలి కింది నుంచి లోపలికి వెళ్లి, వేడిని తీసుకుని, మెడ దగ్గర బయటపడుతుంది. పైన ఎండ పొడ తగలకుండా ఇంకో రేకు కొట్టించాను. కోటు గాలికి కొంచెం ఉబ్బి, మిషన్ ఊపిరి బిగబట్టినట్టు కనిపించేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అల్యూమినియం రేకు ఒకటే అంకె చెప్పింది. మేనేజరు వచ్చి చూసి, మంచిదన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అరుదు.

మంచి కొద్ది రోజులే నిలిచింది. ఇప్పుడు అంకె పూటపూటకూ మారడం లేదు, రోజు రోజుకూ కొంచెం కొంచెం పెరుగుతోంది. కోటు విప్పి చూశాను. వైర్లు చూశాను. చివరికి బెల్టు కిందికి వంగి చూస్తే సీసం డబ్బా మూతి మీద, అంటే కిరణాలు బయటికొచ్చే చోట, బొగ్గు దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది. ఆ దుమ్మును కూడా మిషన్ బొగ్గు లెక్కలోనే వేసుకుంటోంది. మిగతా ప్లాంటంతా ఎంతో కొంత ఊడ్చి ఉంది. అక్కడ మాత్రం చీపురు తగిలి ఎంత కాలమైందో.

ఊడ్చేవాళ్లు దగ్గరి కోయ ఊరి ఆడవాళ్లు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకునేవారు, మాతో తెలుగు. ఆ నెలలో సగం మంది బీడీలకు వాడే తునికాకు కోతకు అడవిలోకి వెళ్లారు, ఉన్నవాళ్లకే పని ఎక్కువైంది. వాళ్లకు పెద్దగా ఉండే ఆమెను పట్టుకుని అడిగాను.

"అక్కా, ఆ డబ్బా కాడ ఎందుకు ఊడుస్తలేరు?"

"ఫ్యాను బొమ్మ ఉన్నకాడికి పోవద్దని బోర్డు పెట్టిండ్రు గద."

పసుపు బోర్డు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తును వాళ్లు ఫ్యాను అనేవారు. బోర్డు పెట్టించింది నేనే. ప్లాంటులో చాలా బోర్డులున్నాయి, పొగ తాగరాదు, టోపీ ధరించవలెను, నెమ్మదిగా నడుపుడు. అందరూ పాటించిన బోర్డు అదొక్కటే.

డబ్బాకు లోపల ఒక తలుపు ఉంటుందనీ, పిడి తిప్పి మూసి తాళం వేస్తే కిరణాలు బయటికి రావనీ, తాళం నా దగ్గరే ఉంటుందనీ చెప్పాను. సేఫ్టీ ఆఫీసరును అడిగాననీ, తాళం వేశాక నేను పక్కనే ఉంటే ఊడ్చవచ్చని ఒప్పుకున్నాడనీ చెప్పాను. ఆమె అంతా విన్నది.

"నీకు పిల్లలెందరు?"

"పెళ్లి కాలేదక్కా."

"మరి పిల్లలకేం కాదని నువ్వెట్ల చెప్తవు?"

కిరణాలను కొలిచే చేతి మీటరు తెచ్చాను. తలుపు తెరిచి ఉన్నప్పుడు దూరం నుంచి డబ్బా వైపు పెడితే టకటకా కొట్టుకుంది. పిడి తిప్పి తాళం వేశాను, దాదాపు ఊరుకుంది. ఆమె మీటరు నా చేతిలోంచి తీసుకుంది.

"ముందు నువ్వు పోయి ఆడ కూసో."

వెళ్లి డబ్బా పక్కన కూర్చున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నన్నూ, కాసేపు మీటరునూ చూసింది. తర్వాత మీటరు పట్టుకుని ప్లాంటంతా తిరిగింది. టీ ఫ్లాస్కు దగ్గర పెట్టింది, నీళ్ల కుండ దగ్గర పెట్టింది, మేనేజరు గది తలుపు దగ్గర పెట్టింది. అక్కడక్కడా ఒక టిక్కు వినిపిస్తూనే ఉంది.

"ఇది ఊకె టిక్కు టిక్కు అంటది ఏంది?"

"మట్టిల, రాళ్లల్ల, అంతట కొంచెం ఉంటదక్కా. ఎప్పటి నుంచో ఉన్నదే."

"మా ఇంట్ల గూడనా?"

"అవ్."

"మరి మా ఇంటికి బోర్డు పెట్టవా?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. చీపురు తీసుకుని బెల్టు కిందికి దూరింది. అప్పటి నుంచి షిఫ్టు మారే ముందు నేను తాళం వేయడం, ఆమె డబ్బా మూతి తుడవడం ఒక అలవాటైంది. తుడిచాక ఆ మీటరు ఒకసారి తన చేతికి ఇవ్వాల్సిందే. టిక్కులు తానే విని, చాలనిపిస్తే తిరిగి ఇచ్చేది. చాలా జాగ్రత్తపరురాలు. సేఫ్టీ ఆఫీసరు అంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు.

దుమ్ము పోయాక అంకె దిగింది. దిగి, నిలబడింది. కానీ ల్యాబు అంకె కన్నా ఇంకా ఎక్కువే. ఈ తేడా ఎండకు మారదు, దుమ్ముకు మారదు. మేనేజరు విసిగిపోయారు.

"ఆ తేడా ఎంతుందో అంత తీసేసి చూపించెయ్ రాదమ్మా. ల్యాబుతో కలుస్తది, అయిపోతది."

"ల్యాబే సరైందని ఎట్ల తెల్సు సార్?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. గదిలో కెమిస్టు గారు ఉన్నారు. ఆయన లేచి, కుర్చీని చప్పుడు కాకుండా జరిపి, బయటికి వెళ్లిపోయారు. కోప్పడి ఉంటే బాగుండేది. కొన్ని రోజులు ల్యాబు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లాను.

తర్వాత ఆయనే నా వర్క్‌షాపుకు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సరే బేటీ. ఏది సహీనో చూద్దాం. నడుస్తున్న బెల్టు మీదికెళ్లి తీసిన నమూనా మీద నీకు నమ్మకం లేదు. నీ మిషన్ మీద నాకు లేదు. ఆగిన బెల్టు మీద అడ్డంగ ఒక ముక్క మొత్తం తీద్దాం. పెద్ద రాయి, చిన్న రాయి, దుమ్ముతో సహా. అది కాలుస్త. అది ఏం చెప్తే అదే మాట."

మంచి ఆలోచనే. చిక్కల్లా బెల్టు ఆపడం. నిండుగా నడిచే బెల్టును మా కోసం ఆపడానికి మేనేజరు ఒప్పుకోలేదు. మళ్లీ మొదలుపెట్టడానికి ఎంత అవస్థో మాకు వివరంగా చెప్పారు. అయితే ఆ ఎండాకాలం ఆయన అనుమతి లేకుండానే బెల్టును ఆపగలిగింది ఒకటుంది. కరెంటు. అది పోతే నిండు బెల్టు నిండినట్టే ఆగిపోయేది. జనరేటరు దీపాలకూ, పంపులకూ మాత్రమే సరిపోయేది. అందరూ తిట్టుకునేవారు. మేమిద్దరం మాత్రం ఎప్పుడు పోతుందా అని ఎదురుచూశాం.

ఒక మధ్యాహ్నం పోయింది. నేను బెల్టు స్విచ్చుకు తాళం వేసి, డబ్బా తలుపు మూసి దానికీ తాళం వేసి, కబురు పంపాను. కెమిస్టు గారు తెల్ల చొక్కాతోనే వచ్చారు. వెల్డింగు షాపులో చేయించిన రెండు రేకులు తెచ్చారు, బెల్టు వంపుకు సరిగ్గా దిగేలా కోసినవి. గేజ్ చుట్టూ కట్టిన కంచె దగ్గరికి వచ్చి ఆగిపోయారు. అప్పుడు గమనించాను, మిషన్ వచ్చిన ఇన్నేళ్లలో ఆయన ఆ కంచె దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"నిజంగ బందే గదా బేటీ?"

ఊడ్చే ఆమె అప్పటికే లోపల ఉంది. మీటరు ఆయన చెవి దగ్గర పెట్టింది. "బందే సారూ. మీ ఇంట్ల గూడ ఇంతే ఉంటది," అంది.

ఆయన లోపలికి వచ్చారు. రెండు రేకులు బొగ్గులోకి దించి, మధ్యలో ఉన్నదంతా తీశాం. పిడికిలంత రాళ్లు చేత్తో, చిన్నవి పారతో, చివరికి బెల్టుకు అంటుకున్న పొడి బ్రష్షుతో. బ్రష్షు పని ఆమెది. కెమిస్టు గారి చొక్కా సంగతి చెప్పక్కర్లేదు. సంచులు ల్యాబుకు మోసుకెళ్లి నూరాం.

బూడిద తూచిన రోజు నన్ను పిలిచారు. బెల్టు ఆగిన పూట ల్యాబు మామూలు నమూనా నూటికి ముప్పై ఒకటి అంది. నా గేజ్ ముప్పై ఆరు అంది. బెల్టు ముక్క ముప్పై నాలుగు అంది. ఆయన మళ్లీ తూచారు. త్రాసు మార్చి తూచారు. ముప్పై నాలుగే.

టీ వచ్చింది. ఆయన టీ చల్లారేదాకా బూడిద ఉన్న చిన్న మూకుడు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయన మీద గెలవాలని ఎన్నాళ్ల నుంచో అనుకున్నదాన్ని, అప్పుడు ఆ ముఖం చూస్తే గెలవకపోవడమే మేలనిపించింది. నిజానికి గెలవనూ లేదు.

చివరికి అన్నారు: "నా కొలిమి అబద్ధం చెప్పలే. అబద్ధం చెప్పింది పార."

నడిచే బెల్టు మీంచి నమూనా తీసే మనిషి చిన్న పార వాడేవాడు. పెద్ద రాళ్లు అందులో పట్టవు, పక్కకు దొర్లిపోతాయి. ఇన్నేళ్లుగా ల్యాబుకు వచ్చింది రాళ్లు తగ్గిన బొగ్గు. ఆయన దాన్ని ఎంతో నిజాయితీగా కాల్చారు.

"మరి నాది ఎందుకు ఎక్కువ చూపిస్తుంది సార్?" అనడిగాను.

ఆయన మూకుడును నా ముందుకు జరిపారు. "రంగు చూడు. మన బూడిద ఎర్రగుంటది. ఇనుము. నీ కంపెనీవాళ్లు మిషన్‌కు ఏ బొగ్గుతోని నేర్పించిండ్రు?"

తెలియదు. ఫోన్ చేసి కనుక్కున్నాను. వేరే రాష్ట్రం బొగ్గు, దాని బూడిద తెల్లగా ఉంటుందట. మామూలు రాయి కన్నా ఇనుము కిరణాలను ఎక్కువ ఆపుతుంది. మా బొగ్గులోని ఆ ఇనుమును మా మిషన్ ఇంకా ఎక్కువ రాయి అనుకుంటోంది. దానికి మా బొగ్గుతోనే మళ్లీ నేర్పించాలి. నేర్పించాలంటే నిజమైన అంకెలు కావాలి. అవి ఆయన కొలిమి నుంచే రావాలి.

ఆ ఎండాకాలమంతా కరెంటు పోయినప్పుడల్లా బెల్టు ముక్కలు తీశాం. కరెంటు ఆఫీసు మాకు లోటు చేయలేదు. కెమిస్టు గారు కమ్మరి దగ్గరికి వెళ్లి పెద్ద రాయి కూడా పట్టేంత వెడల్పు పార చేయించారు. మోకాళ్ల నొప్పులతోనే బెల్టు మెట్లెక్కి, దాన్ని ఎలా దించాలో నమూనాల మనిషికి దగ్గరుండి చూపించారు. నేను ఆయనిచ్చిన అంకెలతో గేజ్ లెక్కను సరిచేస్తూ పోయాను. చివరికి రెండు అంకెలూ పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి ఎక్కువైతే మర్నాడు ఇంకోటి ఎక్కువ, అది కూడా కొంచెమే. అంత తేడా ఉండడమే మంచిదన్నారాయన. అసలు తేడా లేకపోతే ఎవరో ఒకరు చూసి రాస్తున్నట్టు లెక్కట.

మేనేజరు మధ్యాహ్నం బొగ్గును వెనక్కి పంపడం మాన్పించారు. అన్నాళ్లూ మంచి బొగ్గును ఎందుకు రెండుసార్లు కడిగామని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పాల్సింది ఆయనే కాబట్టి ఆయనా ఆ మాట ఎత్తలేదు. తర్వాతి మీటింగులో ఆయన కెమిస్టు గారి వైపు తిరిగి, "ఇప్పుడు జ్యోతిష్యం కుదిరిందా?" అన్నారు. కెమిస్టు గారు, "అమ్మాయినడుగుండ్రి సార్, పంచాంగం ఆమెదే," అన్నారు. అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

వానలు పడ్డాక తడి బొగ్గుతో మళ్లీ తేడా వచ్చింది. ఈసారి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన ఫోన్ చేసి, "తడి ఎంతుందో చూసి చెప్తున్న, ఆగు," అన్నారు. నేను ఆగాను.

మరుసటి ఏడు ఆయన రిటైరయ్యారు. శాలువా కప్పారు, దండ వేశారు, ఆయనను మాట్లాడమంటే రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నారు. ఆ తర్వాత రంజాన్ పండక్కి ఇంటికి రమ్మని కబురు పంపారు. కొత్తగూడెంలో పాత ఇల్లు, ముందు గది నిండా చుట్టాలు. వాళ్ల ఆవిడ షీర్ ఖుర్మా పాయసం గిన్నె నా చేతిలో పెట్టి నన్ను పరీక్షగా చూశారు.

"నువ్వేనా ఎక్స్‌రే పిల్లవి? మస్తు రోజులు నిన్ను తిట్టిండు. అన్నం కాడ గూడ అదే ముచ్చట. ఇంత చిన్నదానివనుకోలే."

"తిట్టలే, డౌట్ పడ్డ," అన్నారాయన లోపలి గదిలోంచి వస్తూ. ఇంట్లో కూడా తెల్ల చొక్కాయే. నా ఎదురుగా కూర్చుని, చుట్టాలు వినకుండా కొంచెం ముందుకు వంగారు.

"నిన్న మధ్యాహ్నం ఎంత చూపించింది?"

చెప్పాను.

"ల్యాబు?"

అదీ చెప్పాను. కొంచెం తేడా ఉంది.

"ఎవరిది తప్పు?"

"ఇంకా తెల్వదు సార్. చూస్తున్నం."

ఆయన తల ఊపి, గిన్నె వైపు చెయ్యి చూపించారు.

"గట్ల చెప్పాలె. తిను, చల్లగైతది."